సముద్రం దాటే విమాన ప్రయాణం: దూరం, సమయం మనమే లెక్కకట్టడం ఎలా? (లండన్–న్యూయార్క్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి)

లండన్ నుంచి న్యూయార్క్ ఎంత దూరమని వెతికితే ఒకచోట 5,540 కిలోమీటర్లు అని ఉంటుంది. ఇంకోచోట 5,554, మరోచోట 5,570. ఎంతసేపు పడుతుందంటే ఒకరు ఆరు గంటలంటారు, ఇంకొకరు ఎనిమిదంటారు. టికెట్ చూస్తే ఉదయం 11 గంటలకు బయల్దేరి మధ్యాహ్నం 2 గంటలకు దిగుతారని రాసి ఉంటుంది. ఇందులో ఒక్కటీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలిస్తే ఈ గందరగోళమంతా విడిపోతుంది.

దూరం మారదు. ఇంటర్మీడియట్ త్రికోణమితి గుర్తున్నవారెవరైనా ఫోన్ మీద ఐదు నిమిషాల్లో తేల్చేయవచ్చు. సమయం అలా కాదు. అది గాలిని బట్టి, దిక్కును బట్టి, నేల మీద విమానం ఎంతసేపు నిలబడిందన్న దాన్ని బట్టి మారుతుంది. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా లెక్కకట్టాలి. పిల్లలను చూడటానికి మొదటిసారి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు, కనెక్షన్ విమానాల్లో ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేనివారికి, విమానం కిటికీ పక్కన కూర్చుని 'ఇటెందుకు పోతున్నాం?' అనుకునేవారికి పనికొస్తుందని అడుగడుగునా లెక్కలు చేసి చూపిస్తున్నాను.

లండన్–న్యూయార్క్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. సముద్రం మీద ఇంత రద్దీగా ఉండే దారులు తక్కువ. గాలి ప్రభావం, దారి వంపు, గడియారం తేడా మూడూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. పైగా హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా అమెరికా వెళ్లే మనవాళ్లకు ఇది సగం ప్రయాణం.

1. ముందు విమానాశ్రయం తేల్చుకోండి

లండన్ పేరు మీద హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ అని చాలా విమానాశ్రయాలున్నాయి. హీత్రోకి, గాట్విక్‌కి మధ్య తిన్నగా కొలిస్తేనే 40 కిలోమీటర్లు. న్యూయార్క్ వైపు జాన్ ఎఫ్. కెనడీ ఒకటి, హడ్సన్ నదికి అవతల న్యూజెర్సీలో నెవార్క్ ఇంకొకటి. ఆకాశంలో ఈ తేడా లెక్కలోకి రాదు గానీ నేల మీద వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ వెళ్లేవారికి నెవార్కే దగ్గర. కెనడీలో దిగితే న్యూయార్క్ నగర ట్రాఫిక్ అంతా దాటుకుని పోవాలి.

5,570 అన్న అంకె ఇక్కడే పుట్టింది. అది నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకు కొలిచిన దూరం. హీత్రో నుంచి కెనడీకి కొలిస్తే 5,540 వస్తుంది. హీత్రో లండన్‌కు పడమటి అంచున, కెనడీ న్యూయార్క్‌కు తూర్పు వైపున ఉన్నాయి, అందుకే 30 కిలోమీటర్లు తగ్గింది.

2. అక్షాంశ రేఖాంశాలు తీసుకుని లెక్క వేయండి

గూగుల్ మ్యాప్స్‌లో విమానాశ్రయం మీద వేలు నొక్కిపట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటే అక్షాంశానికి, గ్రీనిచ్‌కు పడమర ఉంటే రేఖాంశానికి ముందు మైనస్ ఉంటుంది. మైనస్ వదిలేస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది.

హీత్రో: అక్షాంశం 51.48, రేఖాంశం −0.46
కెనడీ: అక్షాంశం 40.64, రేఖాంశం −73.78

రేఖాంశాల తేడా 73.32 డిగ్రీలు. ఇక సూత్రం:

కొసైన్ (మధ్య కోణం) = సైన్ (మొదటి అక్షాంశం) × సైన్ (రెండో అక్షాంశం) + కొసైన్ (మొదటి అక్షాంశం) × కొసైన్ (రెండో అక్షాంశం) × కొసైన్ (రేఖాంశాల తేడా)

మధ్య కోణం అంటే భూకేంద్రం నుంచి ఈ రెండు చోట్లకు గీతలు గీస్తే వాటి మధ్య వచ్చే కోణం. అది తెలిస్తే దూరం తెలిసినట్టే.

చాలా ఫోన్లలో క్యాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే సైన్, కొసైన్ మీటలు వస్తాయి. లెక్క మొదలుపెట్టే ముందు అది రేడియన్లలో కాకుండా డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. జవాబు అర్థం లేకుండా వచ్చిందంటే నూటికి తొంభై సార్లు కారణం ఇదే.

సైన్ 51.48 = 0.7824, సైన్ 40.64 = 0.6513. ఈ రెండింటి లబ్ధం 0.5096.
కొసైన్ 51.48 = 0.6228, కొసైన్ 40.64 = 0.7588, కొసైన్ 73.32 = 0.2870. ఈ మూడింటి లబ్ధం 0.1356.
మొత్తం 0.6452.

ఇప్పుడు విలోమ కొసైన్ మీట నొక్కాలి. కొసైన్ గుర్తు పైన చిన్నగా మైనస్ ఒకటి ఉండే మీట అది. 49.82 డిగ్రీలు వస్తుంది. భూమి మీద ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 5,540 కిలోమీటర్లు. అంతే.

ఈ డిగ్రీలను 60తో గుణిస్తే నాటికల్ మైళ్లు వచ్చేస్తాయి: 49.82 × 60 = సుమారు 2,990. పైలట్లు వాడే కొలత అదే. వెబ్‌సైట్లలో 'మైళ్లు' అని ఉన్నప్పుడు ఏ మైళ్లో చూడాలి. 5,540 కిలోమీటర్లంటే మామూలు మైళ్లలో సుమారు 3,442, నాటికల్ మైళ్లలో సుమారు 2,991. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడితే ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు తేడా వచ్చిపడుతుంది.

మరి 5,554 ఎక్కడిది? మన సూత్రం భూమిని గుండ్రటి బంతి అనుకుంటుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకునే వెబ్‌సైట్లు 5,554 చూపిస్తాయి. తేడా నూటికి పావు వంతు, అంటే విమానానికి ఒక నిమిషం. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కాబట్టి వంపు పెరిగి దూరం ఎక్కువవుతుందేమో అని కూడా అడుగుతుంటారు. ఈ దారిలో ఆ పెరుగుదల దాదాపు పది కిలోమీటర్లే. రెండింటినీ నిశ్చింతగా వదిలేయవచ్చు.

3. దారి ఎందుకు వంగుతుందో ఒక దారంతో చూడండి

న్యూయార్క్ లండన్‌కు పడమర, దాదాపు 11 డిగ్రీలు దక్షిణాన ఉంది. అలాంటప్పుడు విమానం నైరుతికి పోవాలి కదా? కానీ హీత్రో నుంచి అతి దగ్గరి దారి మొదలయ్యేది పడమర కంటే దాదాపు 18 డిగ్రీలు ఉత్తరం వైపు తిరిగి. అది ఐర్లండ్ మీదుగా పోయి, అట్లాంటిక్‌లో 53.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుంచి మెల్లగా దక్షిణానికి దిగుతుంది.

ఇంట్లో పిల్లలు చదువుకునే గ్లోబు ఉంటే దాని మీద లండన్, న్యూయార్క్‌ల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. దారం తనంతట తానే ఉత్తరానికి జరిగి నిలుస్తుంది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అదే. గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే మహావృత్తంలో అది ఒక ముక్క. గోడ మీద అతికించే పటంలో భూమిని బల్లపరుపుగా సాగదీస్తారు, ఆ సాగదీతలో తిన్నటి దారి వంకరగా కనిపిస్తుంది. అదే పటం మీద స్కేలు పెట్టి గీత గీసి, దాని వెంటే పోతే 5,760 కిలోమీటర్లు అవుతుంది. అంటే 220 కిలోమీటర్లు అదనం.

గ్లోబు, దారంతో దూరం కూడా కొలవవచ్చు. దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి ఎన్ని డిగ్రీలు వచ్చిందో చూసి 111తో గుణించండి. నేను ఎవరికైనా ఈ విషయం చెప్పాల్సి వస్తే సూత్రం కంటే ముందు దారమే చేతికిస్తాను. ఒక్కసారి చూస్తే జీవితంలో మరచిపోరు.

4. నిజంగా ఎగిరే దారికి కొంచెం కలపండి

ఏ విమానమూ మహావృత్తం మీదే కచ్చితంగా పోదు. అట్లాంటిక్ నడి సముద్రంలో నేల మీది రాడార్ అందదు. 2019 నుంచి ఉపగ్రహాల ద్వారా విమానాల స్థానాన్ని గమనించడం మొదలైంది గానీ, అంతకుముందు దశాబ్దాల పాటు పైలట్లు తామెక్కడున్నారో చెబుతూ పోవడం మీదే అంతా నడిచింది. అందుకే ఉత్తర అట్లాంటిక్ మీద ప్రతిరోజూ గాలిని చూసి కొత్తగా దారులు గీస్తారు. స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్ కేంద్రం పడమటికి పోయే పగటి దారులను, కెనడాలోని గాండర్ కేంద్రం తూర్పుకు వచ్చే రాత్రి దారులను ప్రకటిస్తాయి. 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర విమానం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుంది.

ఈ దారులు రోజూ మారుతాయి. పడమటికి పోయేవి ఎదురుగాలిని తప్పించుకోవడానికి ఒక్కోసారి గ్రీన్‌లాండ్ వైపు దాకా ఎక్కుతాయి. తూర్పుకు వచ్చేవి గాలి ఎక్కడ జోరుగా ఉంటే అక్కడికి వెతుక్కుంటూ పోతాయి. కిలోమీటర్లు పెరిగినా నిమిషాలు తగ్గితే అదే లాభం.

ఉజ్జాయింపుకు మహావృత్త దూరానికి నూటికి రెండు కలపండి. మన లెక్కలో 5,540 కాస్తా 5,650 అవుతుంది. దేశాల గగనతలాలు మూతపడి ఉంటే మాత్రం ఈ రెండు శాతం ఏ మూలకూ చాలదు. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా మీదుగా ఎగరలేక ఫిన్‌ఎయిర్ హెల్సింకి–టోక్యో విమానానికి సుమారు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటలైంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం భారత విమానసంస్థలకు మూతపడ్డాక ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే వాటి విమానాలకూ అదే అవస్థ వచ్చింది. అందుకే ప్రయాణానికి ముందు ఏ సంస్థ విమానం, ఏ దారిలో పోతోందో చూడటం అవసరం.

రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగినా నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేంత దగ్గర్లోనే ఎగరాలన్న నియమం కూడా ఉంది. ఈ దారిలో షానన్, ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్, గాండర్, గూస్ బే, దక్షిణాన అజోర్స్ దీవులు అండగా ఉంటాయి కాబట్టి దీనివల్ల దూరం పెద్దగా పెరగదు.

5. విమానం వేగం

బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి పెద్ద విమానాలు ధ్వని వేగంలో నూటికి 84, 85 వంతుల దగ్గర ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తులో గాలి మైనస్ 56 డిగ్రీల చలిలో ఉంటుంది, అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. అందులో 85 వంతులంటే 900. ఈ 900 గుర్తు పెట్టుకుంటే చాలు. ఏ330 కొంచెం నెమ్మది, ఏ321 ఇంకాస్త నెమ్మది.

గాలే లేకపోతే 5,650ని 900తో భాగించగా 6 గంటల 17 నిమిషాలు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి ఇంకో పావుగంట. మొత్తం ఆరున్నర గంటలు. కానీ గాలి లేని రోజంటూ అక్కడ ఉండదు.

6. గాలిని లెక్కలోకి తీసుకోండి

అసలు కిటుకంతా ఇక్కడుంది. 900 అన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చితే విమానం వేగం. ఆ గాలే గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తుంటే నేల మీద కదిలేది 800. వెనక నుంచి తోస్తుంటే 1,000. గోదావరిలో ఎదురీదే పడవకు, వాలుకు పోయే పడవకు ఉన్న తేడాయే ఇది.

ఉత్తర అట్లాంటిక్ మీద 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతూ ఉంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. విమానాలు ఎగిరేది సరిగ్గా ఆ ఎత్తులోనే. ఉత్తరాన ధ్రువపు చలికి, దక్షిణాన వెచ్చదనానికి మధ్య తేడా ఎంత పెరిగితే దాని జోరు అంత పెరుగుతుంది. అందుకే చలికాలంలో ఉద్ధృతి ఎక్కువ, అప్పుడప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఈ గాలులను 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి కొలిచారు.

ఆ జోరు ఎంత దూరం తీసుకెళ్లగలదో 2020 ఫిబ్రవరి 9న కనిపించింది. కియారా తుపాను వేళ బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేలతో పోల్చితే గంటకు 1,300 కిలోమీటర్లు దాటిన వేగం అది. ధ్వనిని మించి ఎగిరే కాంకార్డ్ అయితే 1996 ఫిబ్రవరి 7న అదే దారిని 2 గంటల 53 నిమిషాల్లో ముగించింది. ఈ రెండు రికార్డులూ ఫిబ్రవరివే, రెండూ తూర్పు దిక్కువే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బ్రిటిష్ వైమానికులు ఆల్కాక్, బ్రౌన్ 1919 జూన్‌లో న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్‌కు పదహారు గంటల్లోపే ఆగకుండా ఎగిరారు. అంటే పడమర నుంచి తూర్పుకు. అదే సముద్రాన్ని తూర్పు నుంచి పడమరకు ఆగకుండా విమానంలో దాటడానికి ఇంకో తొమ్మిదేళ్లు, 1928 ఏప్రిల్ దాకా పట్టింది. అప్పటి నెమ్మది విమానాలకు ఎదురుగాలి అంత పెద్ద అడ్డంకి.

భూమి తిరగడం వల్ల ఈ తేడా వస్తుందని చాలామంది నమ్ముతారు. ఒక్కసారి ఆలోచించి చూడండి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. విమానం పైకి లేచి ఊరికే నిలబడితే నేల కింద నుంచి జరిగిపోయేట్టయితే, పడమటి ఊళ్లే దాని కిందికి రావాలి. అంటే న్యూయార్క్ వెళ్లేటప్పుడు త్వరగా చేరాలి. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, గాలితో పాటు విమానమూ తిరుగుతుంది. భూభ్రమణం గాలులను పడమర నుంచి తూర్పుకు మళ్లిస్తుందన్నది నిజం. మనకు తగిలేది ఆ గాలి మాత్రమే.

సగటున పడమటికి పోయేటప్పుడు 80 తగ్గించండి, తూర్పుకు వచ్చేటప్పుడు 110 కలపండి. రెండు అంకెలూ ఒకటి కాకపోవడానికి కారణం ముందే చెప్పాను: పోయే విమానం గాలిని తప్పించుకుంటుంది, వచ్చే విమానం గాలిని వెతుక్కుంటుంది.

లండన్ నుంచి న్యూయార్క్: 5,650 ÷ 820 = 6 గంటల 53 నిమిషాలు. పావుగంట కలిపితే 7 గంటల 8 నిమిషాలు.
న్యూయార్క్ నుంచి లండన్: 5,650 ÷ 1,010 = 5 గంటల 36 నిమిషాలు. పావుగంట కలిపితే 5 గంటల 51 నిమిషాలు.

పోయేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు వస్తుంది కదా, మొత్తానికి సరిపోతుందా? సరిపోదు. 5,540 కిలోమీటర్లకు వంద ఎదురుగాలితో 6 గంటల 55 నిమిషాలు, వంద వెనకగాలితో 5 గంటల 32 నిమిషాలు, రానూపోనూ 12 గంటల 27 నిమిషాలు. గాలి లేకపోతే 12 గంటల 19 నిమిషాలే. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ కాబట్టి నష్టమే మిగులుతుంది.

మీరు ఎగిరే రోజు గాలి ఎలా ఉందో చూడాలంటే విండీ లాంటి వాతావరణ పటంలో ఎత్తును 250 హెక్టోపాస్కల్స్ దగ్గర పెట్టండి. అది పది కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు. అట్లాంటిక్ మీద ఎర్రగా మెలికలు తిరిగే పట్టీ కనిపిస్తుంది, అదే జెట్ స్ట్రీమ్.

7. నేల మీద పోయే సమయం

టికెట్ మీద రాసే సమయం తలుపు మూసి విమానం కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. హీత్రో, కెనడీ రెండూ కిక్కిరిసిన విమానాశ్రయాలు. రన్‌వే కోసం వరసలో నిలబడటం, దిగేముందు లండన్ మీద గుండ్రంగా తిరగడం మామూలే. రెండు వైపులా కలిపి 40 నిమిషాలు వేసుకోండి. వెళ్లేటప్పుడు 7 గంటల 50 నిమిషాలు, వచ్చేటప్పుడు ఆరున్నర గంటలు అయింది. ఆలస్యాలకు తట్టుకోవడానికి విమానసంస్థలు ఇంకొంచెం కలుపుతాయి. అందుకే టైంటేబుల్‌లో వెళ్లేటప్పుడు సుమారు 8, వచ్చేటప్పుడు సుమారు 7 గంటలని కనిపిస్తుంది. విమానం 'అరగంట ముందే వచ్చేసింది' అన్నప్పుడు తరచుగా ఆ కలుపుడే కారణం.

8. గడియారం

టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. ఒకదాంట్లోంచి ఒకటి నేరుగా తీసేయకూడదు. లండన్ న్యూయార్క్ కంటే ఐదు గంటలు ముందు.

లండన్‌లో ఉదయం 11కి ఎక్కారు. 8 గంటలు కలిపితే లండన్‌లో సాయంత్రం 7. ఐదు తీసేస్తే న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2. మొదట్లో చెప్పిన 'మూడు గంటల ప్రయాణం' ఇదే. తిరుగు ప్రయాణంలో న్యూయార్క్‌లో రాత్రి 8కి ఎక్కితే, 7 గంటల తర్వాత అక్కడ తెల్లవారుజామున 3, లండన్‌లో మర్నాడు ఉదయం 8.

ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం తేడా నాలుగు గంటలే ఉంటుంది. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది, బ్రిటన్ మార్చి ఆఖరి ఆదివారం. వెనక్కి జరిపేటప్పుడు బ్రిటన్ అక్టోబర్ ఆఖరి ఆదివారం, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం. ఈ మధ్య రోజుల్లో కనెక్షన్ విమానాల వేళలు, ఫోన్ చేసుకునే వేళలు ఇంకోసారి చూసుకోండి. భారతదేశంలో గడియారం జరిపే పద్ధతి లేదు. కాబట్టి న్యూయార్క్‌తో మనకు తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. లండన్‌తో ఐదున్నర, నాలుగున్నర.

9. హైదరాబాద్ నుంచి లెక్క వేస్తే

శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. ఇదే సూత్రంలో పెడితే హీత్రోకి 7,750 కిలోమీటర్లు, కెనడీకి తిన్నగా 12,970. ఆ తిన్నటి గీత 67 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, ఆర్కిటిక్ వలయం లోపలికి పోయి దిగుతుంది.

లండన్ మీదుగా పోతే 7,750 + 5,540 = 13,290. చుట్టు కేవలం 320 కిలోమీటర్లు! దుబాయ్ మీదుగా అయితే 2,550 + 11,000 = 13,550, అంటే 580 అదనం. 'లండన్ పోయి రావడమంటే చుట్టుతిరుగుడు' అన్న మాట గోడ పటం చూసి పుట్టిందే. దూరం ఆధారంగా కనెక్షన్ ఎంచుకోనక్కర్లేదు. మధ్యలో ఎంతసేపు ఆగాలి, టెర్మినల్ మారాలా, పెద్దవాళ్లు ఎంత నడవాలి అన్నవే చూడండి. డబ్లిన్ మీదుగా పోతే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే, విమానం ఎక్కే ముందే అయిపోతుంది. దిగాక ఆ వరస ఉండదు. ఇంగ్లిష్‌లో గుక్కతిప్పుకోకుండా అడిగే ప్రశ్నలకు భయపడే అమ్మానాన్నలకు ప్రయాణం చివర్లో ఆ బరువు లేకపోవడం చిన్న విషయం కాదు.

ఇక సమయం. హైదరాబాద్–లండన్ మధ్య దాదాపు అంతా నేల, అట్లాంటిక్ అంత ఎదురుగాలి ఉండదు, వంకర మాత్రం ఎక్కువ. దూరానికి నాలుగైదు శాతం కలిపి 8,100, వేగం 850 వేసుకుంటే తొమ్మిదిన్నర గంటలు. నేల మీది సమయంతో పదింబావు. చలికాలంలో ఉదయం 7కి బయల్దేరారనుకోండి. లండన్ చేరేసరికి మన గడియారంలో సాయంత్రం 5:15, అక్కడ ఉదయం 11:45. రెండున్నర గంటలు ఆగి 2:15కి ఎక్కితే, 8 గంటల తర్వాత లండన్‌లో రాత్రి 10:15, న్యూయార్క్‌లో అదే రోజు సాయంత్రం 5:15. సరిచూసుకోవాలంటే అంతా భారత కాలమానంలోకి మార్చండి: 10:15 + 2:30 + 8:00 మొత్తం 20 గంటల 45 నిమిషాలు, అంటే మర్నాడు తెల్లవారుజామున 3:45. పదిన్నర తీసేస్తే మళ్లీ 5:15. రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే లెక్క సరైనట్టే.

10. పసిఫిక్ దాటేటప్పుడు తేదీ చూసుకోండి

శాన్‌ఫ్రాన్సిస్కో రేఖాంశం −122.38, టోక్యో నరిటాది 140.39. తేడా 262.77 వస్తుంది, 180 దాటింది. కంగారుపడక్కర్లేదు. 360లోంచి తీసేస్తే 97.23. తీసేయకుండా వదిలేసినా కొసైన్ విలువ ఒకటే వస్తుంది. 37.62, 35.76 అక్షాంశాలతో లెక్క వేస్తే సుమారు 8,230 కిలోమీటర్లు.

ఇక్కడ తికమక తేదీ రేఖ దగ్గర. చలికాలంలో టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కి తొమ్మిదిన్నర గంటలు ఎగిరితే శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ ఉదయం 9:30కి దిగుతారు, ఎక్కిన వేళ కంటే ముందే. తిరిగి వెళ్లేటప్పుడు ఉదయం 11కి ఎక్కి 11 గంటలు ఎగిరితే టోక్యోలో మర్నాడు మధ్యాహ్నం 3. ఇలాంటి చోట్ల ఊరి గడియారాలతో కుస్తీ పట్టకుండా అన్నిటినీ ముందు గ్రీనిచ్ కాలంలోకి మార్చి, ప్రయాణ గంటలు కలిపి, చివర్లో దిగే ఊరి కాలంలోకి తేవాలి.

11. మీ లెక్కను సరిచూసుకోండి

ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి చోట్ల విమానం నంబరు కొడితే గత కొన్ని రోజుల్లో అది నిజంగా ఎంతసేపు ఎగిరిందో కనిపిస్తుంది. ఒక్క రోజు చూసి వదిలేయకండి, వారం రోజులవి చూడండి. మీ అంచనాకు, వాటి సగటుకు అరగంట లోపు తేడా ఉంటే లెక్క బాగా కుదిరినట్టు. అంతకు మించితే మూడు చోట్ల వెతకండి: ఏదైనా గగనతలం మూసి ఉందా, ఆ వారం జెట్ స్ట్రీమ్ ఉద్ధృతంగా ఉందా, మీరు గాలిలో ఎగిరిన సమయాన్ని గేటు నుంచి గేటు సమయంతో పోల్చుతున్నారా. మూడోదే ఎక్కువసార్లు దొరుకుతుంది.

తిరుగు ప్రయాణంలో తేదీని ఇంట్లోవాళ్లకు వారం పేరుతో సహా చెప్పండి. చలికాలంలో శుక్రవారం రాత్రి 8కి న్యూయార్క్‌లో ఎక్కితే శనివారం ఉదయం 8కి లండన్, అక్కడ 11కి ఎక్కి తొమ్మిదింబావు గంటలు ఎగిరితే హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున 1:45. టికెట్ మీద 'ఆదివారం' అని చూసి ఆదివారం రాత్రి కారు తీసుకుని శంషాబాద్ వస్తే ఒక రోజు ఆలస్యమైనట్టే. శనివారం రాత్రి భోజనాలయ్యాక బయల్దేరమని చెప్పండి.